కొలత నీళ్ళు

వనజకి నేస్తం కట్టినప్పుడు పదేళ్ళు. కట్టమని ఆ పిల్ల అడగలేదు. కడతామని పెద్దవాళ్ళూ ఆ పిల్లతో అనలేదు. ఉద్దానంలో పెద్దవాళ్ళు పిల్లల్ని అడిగి చేసే పనులు మొదట్నుంచీ తక్కువే.

జరిగిందేమిటంటే, అమ్మవారి సంబరంలో ఇద్దరు ఆడపిల్లలు తప్పిపోయారు. ఒకతె కొబ్బరితోటల ఊళ్ళో కాంతమ్మ కూతురు వనజ. ఇంకొకతె సముద్రపొడ్డు పల్లెలో అసిరయ్య, అప్పలమ్మల కూతురు భారతి. డప్పుల మోతలో గొంతులు పోయేలా అరుచుకుంటూ వెతికితే, ఇద్దరూ ఒక ఎడ్లబండి కింద ఒకరి జడ ఒకరు పట్టుకుని నిద్రపోతూ దొరికారు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. తల్లులు మాత్రం ఎరుగుదురు, అప్పలమ్మ చేపల గంప కాంతమ్మ గుమ్మంలో దిగనిరోజు లేదు కాబట్టి.

"అమ్మోరే కలిపినాది. ఇంకేటి సూత్తారు, నేస్తం కట్టీండి" అన్నాడు పూజారి. అక్కడికక్కడే ఒకరి తలలో ఒకరు పువ్వు పెట్టారు, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టారు. భారతి బెల్లంతో పాటు వనజ వేలు కూడా కొరికింది.

స్నేహం వేరు, నేస్తరికం వేరు. స్నేహం మనసు కలిస్తే ఉంటుంది, విరిగితే పోతుంది. నేస్తరికం చుట్టరికం. నేస్తం తల్లి మనకి చిన్నమ్మ అవుతుంది. పండక్కి మన తోటలోంచి వాళ్ళకి పనసకాయలు వెళ్ళాలి, వాళ్ళింటి నుంచి మనకి ఎండుచేపలు రావాలి. నేస్తం నోరు తెరిచి "అడుగుతున్నాను" అంటే, ఆ అడిగింది లేదనకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు పేరు పెట్టి పిలవకపోవడం. నేస్తం అనే పిలవాలి, నేస్తం అనే చెప్పుకోవాలి. పొరపాటున పేరు నోట వచ్చిందా, నేస్తరికం ఆ క్షణాన తెగిపోయినట్టే. తెగినదాన్ని మళ్ళీ కట్టడానికి లేదు.

వనజ కట్టుబాటంటే కట్టుబాటే అనుకునే పిల్ల. గీత గీసి ఇది దాటకు అంటే గీతకి జానెడు ఇవతలే ఆగిపోతుంది. ఇద్దరూ హైస్కూల్లో చేరాక, ఎక్కడో దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చిన మేష్టారు "నీ పక్కనమ్మాయి ఎవరే, ఎందుకు రాలేదు?" అని అడిగితే "మా నేస్తం అండి" అంది. పేరేమిటంటే మళ్ళీ అదే. మూడోసారి కూడా అదే చెప్పేసరికి ఆయనకి తిక్కరేగి బెంచీ ఎక్కించాడు. మర్నాడు భారతి ఆ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత తనంతట తనే వెళ్ళి బెంచీ ఎక్కి నిలబడింది. ఎందుకెక్కావని మేష్టారు అడిగితే, "మా నేస్తం ఎక్కినాది కదండీ" అంది. ఆయన పాపం ఏం చెయ్యాలో తోచక పాఠం మొదలుపెట్టుకున్నాడు.

భారతి అలాంటిది. పొడుగ్గా, నల్లగా, సముద్రపు గాలికి ఎదురుగా మాట్లాడినా ఒడ్డుకి వినిపించే గొంతు. ఇంట్లో తల్లిని కూడా "ఒసే అప్పలమ్మా" అనేది. వీపు మీద చరుపులు పడుతున్నా మానేది కాదు.

తొమ్మిదో తరగతి చివర్లో ఆ గొంతు తగ్గింది. పొద్దున్నే వాంతులు, ఒంట్లో నీరసం, చీలమండల దగ్గర వాపు. పైత్యమన్నారు. గేసన్నారు. ఊళ్ళో సూదిమందు ఇచ్చే ఆయన నాలుగు సూదులు వేశాడు. ఆ తర్వాత కాశీబుగ్గ తీసుకెళ్ళి రక్తం పరీక్షకి ఇప్పించారు.

మా వైపు ఆ జబ్బుని కిడ్నీ జబ్బని ఎవరూ అనరు, పాయింట్లు అంటారు. రక్తంలో ఏదో ఉంటుందట, అది ఎంత ఎక్కువుంటే అంత మూడినట్టు. "ఆలకి ఎన్ని పాయింట్లు?" అని బస్సులో పక్కవాడిని పరామర్శిస్తారు, చేపలు ఏ రేటుకి పోయాయని అడిగినంత మామూలుగా. జబ్బు ఎందుకొస్తుందో చెప్పేవాళ్ళు మాత్రం ఎవరికి వాళ్ళే. నూతినీళ్ళు అంటారు కొందరు. జీడితోటలకి కొట్టే మందంటారు కొందరు. ఎండుచేపలంటారు, మట్టంటారు, అమ్మవారి కోపమంటారు. అది ముసలివాళ్ళకీ మగవాళ్ళకీ వస్తుందని మాత్రం అందరికీ ఒక ధీమా ఉండేది. పదిహేనేళ్ళ ఆడపిల్లకి వచ్చేసరికి ఆ ధీమా కూడా పోయింది.

విశాఖలో రక్తం శుద్ధి చేస్తారన్నారు. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కాలి. కొన్నాళ్ళు రెండుసార్లు వెళ్ళారు. తర్వాత ఒకసారి. చలికాలం పోయేసరికి భారతి ఇంక రైలెక్కనని మొండికేసింది. అసిరయ్య వేట మానుకుని, కూతురి మంచం పక్కన కూర్చుని బతిమాలాడు. కొట్టబోయి, చెయ్యి దించేసుకుని, బయటికి వెళ్ళి ఏడ్చాడు. పిల్ల ఎక్కలేదు.

అప్పుడు డాక్టరు చెప్పింది ఒకటే. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. రోజు మొత్తానికి రెండు చిన్న గ్లాసులు, మందు మింగే నీళ్ళతో సహా. ఎక్కువైతే అవి బయటికి పోవు, ఊపిరితిత్తుల్లో నిండుతాయి.

వనజకి ఇక్కడే అంతా గందరగోళమైపోయింది. పదో తరగతి పుస్తకంలో మూత్రపిండాల పాఠం ఉంది. నీళ్ళు బాగా తాగాలని మేష్టారు చెప్పాడు, వనజ పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. ఊళ్ళో నీళ్ళే విషమంటున్నారు. డాక్టరేమో నీళ్ళు మంచివే గాని తాగకూడదంటున్నాడు. మూడూ నిజమెలా అవుతాయి? ఎవరినైనా అడుగుదామంటే, అడిగినవాళ్ళల్లా నాలుగో మాట చెబుతున్నారు.

పరీక్షలయ్యాక ఒకరోజు అప్పలమ్మ వనజని పెరట్లోకి పిలిచింది. అది రెండువేల మూడు ఏప్రిల్. భారతి పరీక్షలు రాయలేదు.

"నాను గంపెత్తుకుని ఎలితే సాయంత్రానికి గాని రాను. మీ సిన్నాన్న ఏటకెల్తాడు. దానికాడ నువ్వుండాల తల్లీ. నీల్లు నువ్వే కొలిసి ఇయ్యి."

"నువ్వే కొలిసి ఎట్టీసి ఎల్లు సిన్నమ్మా. నాను అందిత్తాను."

అప్పలమ్మ తల అడ్డంగా ఊపింది. "నావల్ల కాదమ్మా. అది మొకం పెట్టి అడిగితే నా సెయ్యి ఆగదు. నిన్న కూడా దొంగతనంగా పోసీసినాను. రేతిరంతా ఆయాసపడిపోనాది. నువ్వైతే గట్టిదానివి, ఒద్దంటే ఒద్దంటావు."

అడిగింది లేదనకూడని మనిషినే లేదనే పనికి పెడుతున్నానని అప్పలమ్మకి తోచలేదు. తోచినా వేరే మనిషి లేదు. వనజకి తోచింది గాని, చిన్నమ్మ మొహం చూశాక నోరు రాలేదు.

ఇంట్లో కాంతమ్మది ఇంకో గోల. ఆమె తమ్ముడు వైకుంఠరావు ఆ జబ్బుతోనే పోయాడు. మంచి వయసులో, పెళ్ళయిన ఏడాదికి. అప్పట్నుంచి కాంతమ్మ నూతినీళ్ళు మూడుసార్లు వడకట్టి, కాచి, మళ్ళీ వాసన చూసి గాని కూతురికి ఇవ్వదు. ఇప్పుడు కూతురు ఆ మంచం పక్కనే పొద్దంతా కూర్చుంటోంది.

"నేస్తాలకి రాత ఒకటే అంతారు. ఒకలు పోతే రెండో మనిసిని లాగేత్తారంతారు. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి పేరెట్టి పిలిసీవే. తెగిపోద్ది. తరవాత కావాలంటే రోజూ ఎల్లి సూడు, నానొద్దన్ను."

"నాను పిలవను."

"నీ కాల్లు సూసుకున్నావేటే?"

చూసుకుంది. రోజూ చూసుకుంటోంది. పొద్దున లేవగానే, ఎవరూ చూడకుండా, చీలమండ మీద బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందేమోనని చూసుకుంటోంది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు, నేస్తానికీ చెప్పలేదు. తన భయం తనకే సిగ్గుగా ఉండేది.

తల్లి అన్న మాట మాత్రం నేస్తానికి చెప్పేసింది. నవ్విద్దామనే చెప్పింది. ఆ మంచం దగ్గర చెప్పుకోవడానికి కబుర్లు కరువైపోతున్నాయి.

భారతి నవ్వింది కూడా. "మీయమ్మ తెలివైనదేనే" అంది. కాసేపటికి, గోడకేసి తిరిగి పడుకుని, "తెగిపోతే నాను లాగలేనన్నమాట" అంది. అది వెటకారమో కాదో వనజకి తెలియలేదు. ఇదివరకు ఆ పిల్ల వెటకారం ఆడితే వీధి చివరికి తెలిసేది.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి ఎండలు ముదిరాయి. ఆ మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా ఆగిపోయింది. పాకలో కూర్చుంటే ఒంటికి బట్ట అతుక్కుపోతోంది. బయట కెరటాల మోత వినిపిస్తూనే ఉంది. ఆ మోత అంటే వనజకి అప్పటికే కంపరం పుట్టింది. ఎటు విన్నా నీళ్ళే.

ఆ రోజు కొలత పొద్దున్నే అయిపోయింది. మందులకి కొంత, మిగిలింది భారతి తొందరపడి ఒక్క గుక్కలో తాగేసింది.

"నేస్తం, సుక్క నీల్లు" అంది మంచం మీంచి.

వనజ తడిగుడ్డ తెచ్చి పెదవులు తుడిచింది. పెదవులు పగిలి, పక్కన రక్తం చార గట్టిపడి ఉంది.

"సుక్క అంటే సుక్కే ఎడతావేటే, పిసినారీ" అంది భారతి. ఇద్దరూ కొంచెం నవ్వారు. తర్వాత భారతి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుంది వనజ.

"నేస్తం. అడుగుతున్నాను."

నేస్తం కట్టిన దగ్గర్నుంచీ భారతి ఆ మాట వాడలేదు. ఎప్పుడో ఒకసారి వనజే వాడింది, ఎర్రరిబ్బను కోసం. భారతి జడ విప్పి మరీ ఇచ్చేసింది.

"అడక్కు నేస్తం."

"అడిగీసినాను కదా."

"డాక్టరు ఏటన్నాడు? రేపు పొద్దున్నే ఇత్తాను. రేపటి కొలతలోంచి ముందే ఇచ్చీమన్నా, అది రేపే."

"డాక్టరు నీకేటవుతాడు? నాను నీకేటవుతాను?" భారతి మోచేతుల మీద లేచింది. "అడిగితే లేదనకూడదు. నీకు తెల్దేటి?"

"తెలుసు."

"మరి?"

"ఇయ్యను" అంది వనజ. లేచి వెళ్ళి నీళ్ళకుండకి వీపు ఆన్చి కూర్చుంది.

భారతి మంచం దిగింది. వాచిన కాళ్ళతో రెండడుగులు వేసి, ముందుకి తూలి, కుండ మూత మీద చెయ్యి వేసింది. వనజ ఆ మణికట్టు పట్టుకుని లాగేసింది. గట్టిగానే లాగింది. వదిలాక చూస్తే తన వేళ్ళు పట్టినచోట గుంటలు పడి అలాగే ఉండిపోయాయి. ఎంతసేపు చూసినా అవి పూడలేదు. వాటి వంకే చూస్తూ వనజ ఏడవడం మొదలుపెట్టింది, కుండకి అడ్డం మాత్రం తప్పుకోలేదు.

నేల మీద కూలబడి ఆయాసపడుతున్న భారతి వనజ మొహంలోకి చాలాసేపు చూసింది.

"వనజా" అంది.

అరవలేదు. ఏడవలేదు. తిట్టినట్టూ లేదు, ముద్దు చేసినట్టూ లేదు. ఊరికే పిలిచింది. అయిదేళ్ళలో ఆ నోటినుంచి ఒక్కసారీ వినని తన పేరు అంత మామూలుగా వినిపించేసరికి వనజకి మొదట అర్థమే కాలేదు.

"ఇంక ఎల్లు" అంది భారతి. మంచం కోడు పట్టుకుని లేచి, ఎక్కి, గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పలమ్మ వచ్చేదాకా ఉండాలన్న సంగతి కూడా మర్చిపోయి వనజ వచ్చేసింది. జీడితోటల మధ్య ఇసకబాట మీద చెప్పుల్లేకుండా నడిచింది. కాళ్ళు కాలుతున్నాయని ఇంటికొచ్చాక తెలిసింది.

కాంతమ్మకి చెప్పకుండా దాచడం ఆ పిల్ల వల్ల కాలేదు. విన్నాక కాంతమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని, పైకి చూసి దణ్ణం పెట్టుకుంది. "పోన్లే తల్లీ. తెంపింది ఆ పిల్లే. నీ పాపం లేదు. సల్లగా ఉండాల ఆ పిల్ల" అంది. చల్లగా ఉండాలన్న మాట మనసారానే అంది. కాంతమ్మ చెడ్డమనిషి కాదు. తమ్ముడి పాడె చూసిన మనిషి.

ఆ మాట విన్నప్పుడు వనజ మనసులో ఒక మూల హమ్మయ్య అనిపించింది. నిజంగానే అనిపించింది. మర్నాడు పొద్దున చీలమండ నొక్కి చూసుకోవాలన్న ఆత్రం కూడా కొంచెం తగ్గింది. ఆ తగ్గడం చూసుకుని తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. అంత కోపం వచ్చింది తన మీద.

పిల్లకి తెగనిది ఒకటే ప్రశ్న. తనిప్పుడు భారతికి ఎవరు? కోపంతో తెంపేసిందా? నీళ్ళివ్వని నేస్తం నాకెందుకు, పో, అని? అలాగైతే వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలి. లేక తల్లి అన్న మాట మనసులో పెట్టుకుని, తను పోయేలోగా వనజని విడిపించేసిందా? అలాగైతే వెళ్ళకూడదు, వెళితే విడిపించింది వృథా. కాళ్ళు పట్టుకోవాలా, వెళ్ళకుండా ఉండాలా? ఇంక ఎల్లు అంటే ఏమిటి అర్థం? పొమ్మనా? నువ్వైనా వెళ్ళిపో అనా? ఆ గొంతుని మళ్ళీ మళ్ళీ చెవిలో వినిపించుకుంది. విన్నకొద్దీ అరిగిపోయి, చివరికి అది భారతి గొంతో తన గొంతో కూడా తెలియకుండా పోయింది.

అప్పలమ్మ గంప గుమ్మంలో దిగే వేళకి వనజ పెరట్లోకి తప్పుకునేది, ఎందుకు రావడం లేదని ఆవిడా అడగలేదు. ఒకరోజు బయల్దేరి జీడితోట దాకా వెళ్ళింది. అక్కడికి సముద్రం వినిపిస్తుంది. నేస్తమైతే తలుపు తోసుకుని వెళుతుంది. నేస్తం కాకపోతే ఎవరని గుమ్మంలో నిలబడాలి? ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలవడం ఆ పిల్లకి నోరు తిరగదు. కాసేపు జీడిచెట్టు కింద నిలబడి ఇంటికి తిరిగొచ్చింది.

ఆ మర్నాడు అప్పలమ్మ గంప రాలేదు. వేరే ఆవిడ వచ్చి, గంప దించకుండానే, "అసిరయ్య కూతురు తెల్లారగట్ట పోనాదమ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది.

కాంతమ్మ కూతుర్ని ఆపలేదు. తనూ వెంట వచ్చింది. దారి పొడుగునా కూతురి మణికట్టు వదల్లేదు.

పాక ముందు చాపమీద పడుకోబెట్టారు. పసుపు రాసి, కొత్త పరికిణీ కట్టారు. వేటకి వెళ్ళాల్సిన పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. అసిరయ్య గుంజకి ఆనుకుని నిలబడి ఎవరి వంకా చూడటం లేదు. పల్లెలో ఇలాంటి పనులన్నిటికీ ముందుండే ముసలావిడ సింహాచలమ్మ రాగిచెంబుతో నీళ్ళు తెచ్చి, అందులో తులసాకు వేసి, చుట్టూ చూసింది.

"దీనికి నేస్తం ఉండాల కదా, ఏదీ? నేస్తం పోసినాకే తల్లి పోత్తాది నోట్లో నీల్లు. రామ్మా."

వనజ కదలబోయింది. కాంతమ్మ చెయ్యి బిగిసింది.

"మా పిల్ల నేస్తం కాదు" అంది కాంతమ్మ. "ఏటీ అనుకోకండి. ఆ సంగతి తెగిపోనాది. మొన్న ఆ పిల్లే మా పిల్లని పేరెట్టి పిలిసినాదంట. తెగిపోయినాక మా పిల్ల నీల్లు పొయ్యకూడదు, మైల పట్టకూడదు."

ఏడుపులు ఆగిపోయాయి. ఎవరో "ఓలమ్మ" అన్నారు. శవం తలదగ్గర కూర్చున్న అప్పలమ్మ తలెత్తి వనజని చూసింది. చూసి, మళ్ళీ కూతురి జుట్టు సర్దింది.

సింహాచలమ్మ దగ్గరికొచ్చింది. "నిజమేనేటి గుంటా? నిన్ను అది పేరెట్టి పిలిసినాదా?"

వనజ భారతి వంక చూసింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పెదవుల పక్కన ఆ రక్తం చార తుడిచేశారు గాని పగుళ్ళు అలాగే ఉన్నాయి. నిజం చెబితే చాలు. తల్లి చెప్పింది నిజమే. ఊ అంటే అయిపోతుంది, దూరంగా నిలబడి నలుగురితో పాటు ఏడవచ్చు, ఇంటికెళ్ళి బతకొచ్చు. ఒకవేళ భారతి కోరిందే అదేమో. అదే కోరి ఉంటే, ఇప్పుడు కాదనడం ఆ పిల్ల ఆఖరి మాటని తోసెయ్యడమే. కోపంతోనే అని ఉంటే, తనకి లేని హక్కుని ఆ పిల్ల చచ్చాక దొంగిలించడం. ఎటు చూసినా తప్పే కనిపిస్తోంది వనజకి. ఏది ఎక్కువ తప్పో ఆలోచించుకోవడానికి ఎవరూ టైమివ్వరు, అందరూ చూస్తున్నారు.

"లేదు" అంది.

"గట్టిగా సెప్పు."

"పిలవలేదు. అమ్మకి నానే తప్పుగా సెప్పినాను. మా నేస్తం నన్ను ఎప్పుడూ పేరెట్టి పిలవలేదు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. కాంతమ్మ చెయ్యి వదిలేసింది.

వనజ చెంబు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు ఒక చుక్క వంచింది. అలవాటైన చెయ్యి, అక్కడే ఆగిపోయింది.

"పొయ్యమ్మా" అంది సింహాచలమ్మ. "ఇంకా పొయ్యి."

పోసింది. నీళ్ళు నోట్లోకి కొంత వెళ్ళి, మిగతావి పెదవుల చివర్నుంచి చెంప మీదుగా మెడలోకి, కొత్త పరికిణీలోకి కారిపోయాయి. వనజ ఆపలేదు. తాగు నేస్తం, తాగు, అంటూ పోస్తూనే ఉంది. చెంబు ఖాళీ అయ్యాక కూడా వంచే ఉంచింది. ఎవరో వచ్చి చేతిలోంచి చెంబు తీసుకున్నారు. తల్లికి వేరే చెంబుతో నీళ్ళు తేవలసి వచ్చింది.

సరుగుడు తోటలో గొయ్యి పూడ్చి అందరూ తిరిగొచ్చాక, బతికున్న నేస్తానికి తల మీద నీళ్ళు పొయ్యడం పోయిన పిల్ల తల్లి పని. అప్పలమ్మ నూతి దగ్గర వనజని కూర్చోబెట్టి చేద తోడింది. కాంతమ్మ దూరంగా కొబ్బరిచెట్టు పక్కన నిలబడి ఉంది, దగ్గరికి రాలేక, వెళ్ళిపోనూ లేక.

రెండు చేదలు పోసి, మూడోది తోడుతూ అప్పలమ్మ మెల్లగా అంది. "నానూ ఇన్నాను తల్లీ."

వనజ తల ఎత్తింది.

"ఆ రోజు ఎండకి ఆగలేక తొరగా వొచ్చీసి దడి ఎనకాల గంప దించుతున్నాను. నిన్ను పేరెట్టి పిలిసినాది. ఇన్నాను."

"మరి అక్కడ సెప్పలేదేటి సిన్నమ్మా?"

అప్పలమ్మ చేద పైకి లాగింది.

"కోపంతో పిలిసినాదా?" అంది వనజ. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డంపడి ఉన్న మాట అది. "నీల్లియ్యలేదనా? సిన్నమ్మా, నీకు తెలుత్తాది కదా దాని గొంతు. నాను పోతే బాగుణ్ణని పిలిసినాదా, నాను బతికుండాలని పిలిసినాదా?"

అప్పలమ్మ చేద గట్టు మీద పెట్టి ఆలోచించింది. కన్నతల్లి కాబట్టి చెబుతుందని వనజ ఎదురుచూసింది.

"తెల్దమ్మా" అంది చివరికి. "కోపమొత్తే నన్ను అప్పలమ్మా అనీది. పేమొచ్చినా అప్పలమ్మా అనీది. ఒకేలాగనీది. పదారేల్లు పెంచినాను, నాకెప్పుడూ తెల్లేదు."

మూడో చేద నీళ్ళు వనజ తల మీద కుమ్మరించింది. తన కొంగుతోనే తల తుడిచింది. జుట్టు చిక్కు తీస్తూ, "రేపు మజ్జేనం రా తల్లీ" అంది. "నాను గంపెత్తుకుని ఎల్లిపోతే ఇంటికాడ ఎవులూ ఉండరు."

"వత్తాను" అంది వనజ. ఎందుకు వస్తుందో, వచ్చి ఏం చేస్తుందో ఆ పిల్లకి తెలియలేదు.